బంధువులు రాసినవి తీసేస్తే

పెద్దకోడలు పొద్దున లేవగానే, ఇంకా పళ్లయినా తోముకోకుండా, ఫోను తీసి తోడికోడలికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూస్తుంది. అది మంచి అలవాటు కాదని ఆమెకూ తెలుసు. ఆమె భర్త పళ్ల డాక్టరు. "ముందు నోరు కడుక్కుని ఆ తర్వాత చూసుకోవచ్చుగా" అని రోజూ గొణుగుతాడు. ఆయన బాధంతా పళ్ల గురించే. అసలు పుచ్చు ఎక్కడ పట్టిందో ఆయనకు కనపడలేదు.

నిన్న 3,118. ఇవాళ 3,121.

"తెల్లారేసరికి ముగ్గురు" అంది పైకే.

"ఎవరు ముగ్గురు?" అన్నాడు భర్త దిండులోంచి.

"ఎవరూ లేరు, పడుకోండి."

సైటేషనంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక డాక్టరు ఏళ్ల తరబడి పరిశోధన చేసి పేపరు రాసి అచ్చు వేయిస్తాడు. ఇంకెక్కడో ఇంకొకరు తమ పేపరు రాసుకుంటూ, ఈ సంగతి ఫలానావాళ్లు ముందే తేల్చారని చెప్పి చివర్లో వాళ్ల పేరు వేస్తారు. అది ఒక సైటేషన్. అలా ఎంతమంది పేరు వేస్తే ఆ మనిషి అంత గొప్ప. పెద్దకోడలికి ముప్పై ఏళ్ల చాకిరీకి వచ్చినవి ఐదొందల పన్నెండు. ఆ అంకె కదిలి నాలుగు నెలలైంది. అందుకే ఆమె తన లెక్క చూసుకోవడం మానేసి తోడికోడలి లెక్క చూడడం మొదలుపెట్టింది. అక్కడైతే రోజూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది.

పెద్దకోడలు, చిన్నకోడలు అన్నవి అత్తగారి పిలుపులు. అన్నదమ్ములిద్దరూ కిందా పైనా కాపురముంటున్న ఆ ఇంట్లోంచి ఆ పిలుపులు ఎప్పుడు బయటపడ్డాయోగానీ, వాళ్లిద్దరూ పనిచేసే పరిశోధన సంస్థలో కూడా, చాటున, అవే పేర్లు స్థిరపడిపోయాయి. ఇద్దరిదీ ఒకటే విభాగం, పసిపిల్లల కిడ్నీలు. మరిది ఆ విభాగానికే ట్రైనింగుకు వచ్చిన అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు అందరికంటే ముందు తలూపింది పెద్దకోడలే. "మన చేతి కింద ఉంటుంది, పని నేర్చుకుంటుంది" అని అత్తగారిని కూడా ఒప్పించింది. చిన్నకోడలు పనైతే నేర్చుకుంది. చేతి కింద ఉండడమే జరగలేదు.

పెద్దకోడలి పని అంతా సీసాల్లో ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మూత్రంలో ఏ రోజు ఏ లవణం ఎంత పోతుందో ఆమె తొమ్మిదేళ్లు కొలిచింది. ఆ పిల్లలు పోసేదే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలూ పట్టుకోవడానికి గంటల తరబడి తొట్టెల పక్కన కూర్చుని, పట్టుకున్నవాటిని చలిగదిలో స్వెట్టరేసుకుని అరల్లో సర్ది, ఒక్కో సీసాకు నంబరు అంటించింది. నలభై ఒక్క పేపర్లు రాసింది. వాటిలో ఒక్క అంకె తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు, అది వేరే సంగతి.

చిన్నకోడలు చేసిందేమిటంటే ఒక పట్టిక. ఒక వైపు బిడ్డ బరువు, ఇంకో వైపు రక్తపరీక్షలో వచ్చిన ఒక్క అంకె. రెండూ కలిసిన గడి ఆకుపచ్చగా ఉంటే కిడ్నీ బాగుంది, పసుపైతే కనిపెట్టి చూడాలి, ఎరుపైతే డాక్టర్ని పిలవాలి. కాగితం ముక్క. అది ఎన్ని దేశాల వార్డుల్లో గోడలకు వేలాడుతోందో లెక్కలేదు. వాళ్ల సొంత వార్డులో కూడా ప్లాస్టిక్ తొడుగు వేసి తలుపు పక్కనే కొట్టారు. పెద్దకోడలు రోజుకు ఇరవైసార్లు ఆ తలుపులోంచి పోవాలి. స్కేలూ రంగు పెన్సిళ్లూ ఉన్న ఎవరైనా గీస్తారు ఇలాంటిది, అనుకుంటుంది పోయినప్పుడల్లా. మరి నువ్వెందుకు గీయలేదని లోపల్నుంచి ఎవరో అడుగుతారు. అప్పుడు చెప్పుల చప్పుడు కాస్త ఎక్కువ చేసుకుంటూ వెళ్లిపోతుంది.

చిన్నకోడలివి మొత్తం ఎనభై ఎనిమిది పేపర్లు. ప్రతి పేపరునూ పెద్దకోడలు తెప్పించుకుని, తలుపేసుకుని, పెన్సిలు పట్టుకుని రెండేసిసార్లు చదివింది. తప్పు దొరుకుతుందని ఆశ. ఇన్నేళ్లకు దొరికినవి రెండు అచ్చుతప్పులు. ఇంచుమించు ప్రతి పేపరు చివరా తన పేరు కూడా కనపడేది, ఒకచోట రెండుసార్లు, ఒకచోట ఐదుసార్లు. దాన్ని చూసి ఆమె సంతోషించిందీ లేదు, లెక్కపెట్టిందీ లేదు. పెద్దదాన్ని, పని నేర్పినదాన్ని, నా పేరు వేయక ఏం చేస్తుంది అనుకునేది. హక్కుగా వచ్చేదాన్ని ఎవరు మాత్రం లెక్కపెట్టుకుంటారు.

ఇంతలో విభాగం హెడ్డుగారు రిటైరవుతున్నారని తెలిసింది. ఆ కుర్చీ తనదేనని పెద్దకోడలు పదేళ్లుగా అనుకుంటోంది. అందులో కూర్చున్నాక కిటికీ పక్కనున్న బీరువాను ఎక్కడికి జరపాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. అయితే ఈసారి సీనియారిటీ ఒక్కటే చూడరట. మార్కులట. నోటీసుబోర్డులో ముసాయిదా పెట్టారు. అనుభవం, పాఠాలు, వార్డు పని కలిపి డెబ్బై. సైటేషన్లకు ముప్పై. మూడువేలు, ఆపైన ఉంటే పూర్తి ముప్పై. వెయ్యి దాటితే ఇరవై. ఐదొందలు దాటితే పది. అంతకు తక్కువైతే సున్నా. అభ్యంతరాలూ సూచనలూ ఉంటే వారంలోగా డైరెక్టరుకు ఇవ్వాలి.

పెద్దకోడలు నోటీసు ముందు నిలబడే లెక్క కట్టేసింది. తనకు డెబ్బైలో యాభై ఎనిమిది ఖాయం, పది కలిపితే అరవై ఎనిమిది. చిన్నదానికి నలభై నాలుగుకు మించి రావు, కానీ ముప్పై కలిస్తే డెబ్బై నాలుగు. ఆరు మార్కులు. ఆ కాగితం ముక్క తెచ్చిపెట్టిన ఆరు మార్కులు.

ఆమెకు ఒళ్లంతా మంటలెత్తింది. ఎదుటివాళ్లకు మంచి జరిగితే నవ్వుతూ అభినందించి ఇంటికొచ్చి తలనొప్పి మాత్ర వేసుకునే రకం ఆమె. ఇన్నాళ్లూ మాత్రలతో సరిపోయింది. ఇది మాత్రకు తగ్గేది కాదు.

అప్పుడు కనపడింది మూడో నిబంధన. 'తన పేపరును తానే ఉదహరించుకున్నవి లెక్కలోకి రావు.'

తాను వేసుకుంటే లెక్క కాదు, బాగానే ఉంది. ఫోనులో చూపే అంకెల్లోనూ అవి ఎలాగూ కలవవు. మరి తాళి కట్టినవాడు వేస్తే? మరిది లెక్కల డాక్టరు. ఇంకో సంస్థలో పని. రోగుల అంకెలు తీసుకుని జోస్యం చెప్పే లెక్కలు కడుతుంటాడు. ఏ పేపరు రాసినా ఉదాహరణకు పెళ్లాం పట్టికనే తీసుకుంటాడు. ఆ సంగతి పెద్దకోడలికి ఎప్పట్నుంచో కంట్లో నలుసు.

ఆ ఆదివారం ఆమె తోడికోడలి సైటేషన్ల జాబితా మొత్తం అచ్చు తీసి, భోజనాల బల్ల మీద పరిచి, స్కేలు పెట్టుకుని వరుసవరుసా చూడడం మొదలుపెట్టింది. మరిది పేరు వచ్చినచోటల్లా ఒక గీత. నూట పది దాకా వచ్చాక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చటుక్కున దినపత్రిక లాగి కాగితాల మీద కప్పింది.

"అక్కా, కత్తెర ఉందా? మాది ఎక్కడ పడేశాడో మీ మరిది" అంటూ వచ్చింది చిన్నకోడలు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. బల్ల మీద పేపర్ల గుట్ట చూసింది. "ఆదివారం కూడా పనేనా? కళ్లు చూడండి ఎలా ఎర్రబడ్డాయో. టీ పెట్టనా?"

"వద్దులే. కత్తెర సొరుగులో ఉంది, తీసుకో."

చిన్నకోడలు వినలేదు. వంటగదిలోకి వెళ్లి టీ పెట్టి, తెచ్చి, దినపత్రిక మీదే ఒక పక్కగా కప్పు పెట్టి వెళ్లిపోయింది. కప్పు కింద ఏమున్నాయో ఆమెకు తెలియదు. పెద్దకోడలికి ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ వెంటనే, ఇంత మంచితనం కూడా ఎందుకు నటిస్తుందో అని కోపం వచ్చింది. కోపమే సుఖంగా అనిపించి దాన్నే ఉంచుకుంది. టీ మాత్రం తాగింది.

మొత్తం నూట అరవై మూడు. ఆ పూట చిన్నకోడలి లెక్క 3,126. అందులోంచి తీసేస్తే 2,963. మూడువేలకు కిందికి. ముప్పైకి బదులు ఇరవై. డెబ్బై నాలుగు కాస్తా అరవై నాలుగు. తనకు అరవై ఎనిమిది. సైటేషన్లు లెక్కగట్టే గడువు తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోపు కొత్తగా ముప్పై ఏడు వచ్చాయంటే కొంప మునిగినట్టే. ప్రపంచంలోని పిల్లల డాక్టర్లందరూ ఓ వారం పాటు పేపర్లు రాయడం మానేసి హాయిగా ఇళ్లల్లో ఉండాలని ఆమె మనస్ఫూర్తిగా కోరుకుంది.

సోమవారం ఉత్తరం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది. 'భర్త గానీ భార్య గానీ ఉదహరించినవి కూడా తీసేయాలి' అని రాసింది. ఆయన చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సూచన మంచిదే డాక్టర్ గారూ. కానీ మన దరఖాస్తుదారుల్లో భర్త కూడా పరిశోధకుడైన మనిషి ఒక్కరే ఉన్నారు. ఇది ఎవరి కోసం రాశారో చిన్నపిల్లలకు కూడా అర్థమైపోతుంది. రేపు గొడవైతే మీకే చెడ్డపేరు."

"నేను ఎవర్నో దృష్టిలో పెట్టుకుని రాయలేదండీ. పద్ధతి కోసం రాశాను."

"అందుకే అంటున్నా. అందరికీ వర్తించేలా రాయండి. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపరు."

పెద్దకోడలికి ఆ మాట నచ్చింది. అక్కడే నిలబడి, ఆయన పెన్నే తీసుకుని, రాసింది కొట్టేసి పైన ఇలా రాసింది: 'రక్తసంబంధం వల్ల గానీ, పెళ్లి వల్ల గానీ బంధువులైనవారు ఎవరు ఉదహరించినా లెక్కలోకి రావు.' ఎంత పెద్ద వల వేస్తే అంత నిజాయితీగా కనిపిస్తుందని ఆమె ఉద్దేశం.

"బావుంది. మీకు అభ్యంతరం లేదుగా? మీకూ వర్తిస్తుంది మరి" అన్నాడు డైరెక్టరు.

"నాకెవరున్నారండీ?" అంది పెద్దకోడలు. "మావారు పళ్లు పీకుతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

లెక్క తేల్చే పని లైబ్రేరియన్‌కి అప్పగించారు. ఆయన్ని అందరూ చీమగారంటారు. చిన్న మనిషి. ఏ పుస్తకంలో ఏ పేజీ చిరిగిందో కూడా రాసిపెట్టుకునే మనిషి. గురువారం మధ్యాహ్నం ఆయన పెద్దకోడలి గది తలుపు తట్టి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, ఆ బంధువుల నిబంధన మీరు రాసిందేనటగా."

"అవును. ఏం?"

"ఏం లేదు. ఇంకా రెండు రోజులు టైముంది. కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఒక్కసారి ఆలోచించి..."

"ఆలోచించే రాశాను" అంది కంప్యూటర్లోంచి తల తిప్పకుండా.

చీమగారు ఇంకో మాట అనబోయి, ఆమె మొహం చూసి, చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈయన కూడా దాని పక్షమే అనుకుంది పెద్దకోడలు. సంస్థలో సగం మంది దాని పక్షమే. నవ్వుతూ పలకరిస్తే చాలు, జనం పడిపోతారు.

గడువు రోజున ఆమె తెల్లవారుజామునే లేచి ఫోను చూసింది. 3,140. గుండె తేలికైంది. ఆ రోజు ఎవరూ గొణగకముందే పళ్లు తోముకుంది. భర్త ఆశ్చర్యంగా చూశాడు.

కమిటీ సమావేశం రెండో అంతస్తులో పొడుగు బల్ల గదిలో. బయటినుంచి వచ్చిన పెద్ద డాక్టర్లు నలుగురు ఒక వైపు, డైరెక్టరు మధ్యలో. దరఖాస్తుదారులిద్దరూ ఎదురుగా పక్కపక్కన. చిన్నకోడలు నీళ్ల గ్లాసు ముందు అక్క వైపుకు జరిపి, తర్వాత తన గ్లాసు నింపుకుంది. గోడ మీద తెర వెలిగింది. చీమగారు లేచి, మార్కుల సంగతి పక్కన పెట్టి ముందు సైటేషన్ల లెక్క చదువుతానన్నాడు. నిబంధన ప్రకారం ఏ బంధువు ఎన్ని రాశారో విడివిడిగా వేశానని చెప్పాడు.

"చిన్న డాక్టరుగారు. మొత్తం మూడువేల నూట నలభై. భర్త రాసినవి నూట అరవై మూడు. తోడికోడలు రాసినవి సున్నా. బంధువులవి తీసేస్తే మిగిలినవి రెండువేల తొమ్మిదివందల డెబ్బై ఏడు. మార్కులు ఇరవై."

పెద్దకోడలి చెవులకు ఇరవై అన్నమాట ఒక్కటే వినపడింది. బల్ల కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. మొహంలో ఏమీ కనపడకూడదని పెదాలు బిగించింది. పక్కన చిన్నకోడలు కదల్లేదు. తెర వైపే చూస్తోంది.

"పెద్ద డాక్టరుగారు" అన్నాడు చీమగారు. గొంతు సవరించుకున్నాడు. "మొత్తం ఐదొందల పన్నెండు. భర్త రాసినవి లేవు. తోడికోడలు రాసినవి రెండువందల తొంభై ఏడు. బంధువులవి తీసేస్తే మిగిలినవి రెండువందల పదిహేను. ఐదొందలకు తక్కువ కాబట్టి మార్కులు సున్నా."

పెద్దకోడలు తెర మీది ఆ గడినే చూస్తూ ఉండిపోయింది. ఎనభై ఎనిమిది పేపర్లు, ఒక్కోదాంట్లో రెండు, మూడు, ఐదు. ఇన్నాళ్లూ కళ్లారా చూసింది. ఎప్పుడూ కూడలేదు. మార్కులు కలిపితే తనకు యాభై ఎనిమిది, చిన్నదానికి అరవై నాలుగు. ఆరు మార్కుల తేడా ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. అందుకోసం తన పేరులో సగానికి పైగా తన చేత్తోనే కొట్టేసుకుంది.

కమిటీలో ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని అడిగాడు. "ఈ సున్నా ఏమిటండీ? ఒకే విభాగం, ఒకే జబ్బు మీద పని. ఆవిడ ఈవిడవి దాదాపు మూడొందలు రాశారు. ఈవిడ ఆవిడది ఒక్కటీ రాయలేదా? టైపింగు పొరపాటా?"

"రెండుసార్లు చూశానండీ" అన్నాడు చీమగారు. "పొరపాటు కాదు."

అందరూ పెద్దకోడలి వైపు చూశారు. ఆమె గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది. పొరపాటు ఎలా అవుతుంది. ఆ సున్నాను కాపాడుకోవడానికి ఆమె పడ్డ శ్రమ ఆమెకే తెలుసు. ఆ పట్టిక గురించి ఒక్క ముక్కైనా రాయక తప్పని చోట, అదే సంగతిని ఎక్కడో ఎవరో నాలుగేళ్ల తర్వాత అరకొరగా చెప్పిన పేపరును రెండు రోజులు వెతికి పట్టుకుని వాళ్ల పేరు వేసేది. ఒకసారి అలా వేసిన పేపర్లో వాళ్లే చిన్నకోడలికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. అయినా సరే వాళ్ల పేరే వేసింది.

నాలుగింటికల్లా అంతా తేలిపోయింది. చిన్నకోడలు హెడ్డు. అభినందించడానికి జనం వరండాలో మూగారు. పెద్దకోడలు కూడా వెళ్లి చెయ్యి కలిపి, తన గదికొచ్చి తలుపేసుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ముందు తల కొట్టేసినట్టయింది. కానీ మనసు ఊరుకోదు కదా, ఎక్కడో ఒకచోట పట్టు వెతుక్కుంటుంది. రెండువందల తొంభై ఏడు అనుకుంది. మరోసారి అనుకుంది. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి రెండువందల తొంభై ఏడుసార్లు నా పని మీద చెయ్యి ఆనించి నిలబడింది. నా సీసాలు లేకపోతే దాని పట్టిక ఎక్కడుంది? లోకానికి తెలియకపోతే పోయింది, దానికి తెలుసు. కుర్చీ పోయినా ఆ మాట మిగిలింది. సాయంత్రానికి ఆ మాట పట్టుకుని కాస్త కుదుటపడింది.

ఇంటికి రోజూ ఇద్దరూ చిన్నకోడలి కార్లోనే వెళ్తారు. బస్సెక్కి పోదామా అనుకుంది గానీ, పోతే అలిగిందంటారు. వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. చిన్నకోడలు బండి బయటికి తీసి, రెండు సిగ్నళ్లు దాటించింది.

"అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ సున్నా." రోడ్డు వైపే చూస్తూ అంది. "మీరు నావి చదవరేమో అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. వార్డు, ఇల్లు, అత్తయ్యగారి మందులు, టైమెక్కడుంటుంది అనుకునేదాన్ని. చదవలేదు, అంతేగా?"

మంచి దారి చూపించింది. అవునంటే సరిపోయేది. పెద్దకోడలు ఆ మాట అనడానికే నోరు తెరిచింది.

"చదివాను" అంది.

"ఏది?"

"అన్నీ. రెండేసిసార్లు."

చిన్నకోడలు తల తిప్పి చూసింది. వెనకబండివాడు హారన్ కొడితే మళ్లీ ముందుకు తిప్పుకుంది. "మరి?"

"కుళ్లు" అంది పెద్దకోడలు. అన్నాక గొంతు మామూలైంది. "నీ పేరు రాయాల్సివచ్చినప్పుడల్లా చెయ్యి రాలేదు. ఓర్వలేకపోయాను. ఆ బంధువుల రూలు కూడా నిన్ను కిందికి లాగుదామనే పెట్టించాను. పద్ధతీ లేదు, పాడూ లేదు."

"రూలు సంగతి తెలుసు. చీమగారు చెప్పారు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఏమంటే ఏం తంటా వస్తుందో అని."

కారు వంతెన ఎక్కింది. ముందంతా వరసగా ఎర్రలైట్లు. ఇన్నేళ్లలో పెద్దకోడలు తోడికోడలితో ఇంత నిజం ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్పేశాక బరువు తగ్గి, ఆ ఖాళీలో ఒక చిన్న ఆశ వచ్చి కూర్చుంది.

"నేను ఇంత చేస్తే నువ్వు మాత్రం నా పేరు రెండువందల తొంభై ఏడుసార్లు రాశావు" అంది మెల్లిగా. అని, ఎదురుచూసింది.

చిన్నకోడలు గేరు మార్చింది. అద్దంలో వెనక్కి చూసుకుంది.

"మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. ఏమీ అనుకోకండి. నా మొదటి పేపర్లో మీ పేరు వేయలేదు. అవసరం లేదనిపించి వేయలేదు. అచ్చయి వచ్చాక మీరు నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ల్యాబులో మాట్లాడలేదు, ఇంట్లో మాట్లాడలేదు. నేను వంటగదిలోకొస్తే మీరు బయటికి వెళ్లిపోయేవారు. అప్పుడు నాకు ఐదో నెల. అత్తయ్యగారు అడిగితే గొంతు బాగోలేదన్నారు."

పెద్దకోడలికి గుర్తులేదు. గొంతు బాగోలేదన్న మాట వినగానే గుర్తొచ్చింది.

"అప్పట్నుంచి పేపరంతా రాసేశాక చివర్లో కూర్చుని, ఎక్కడ పడితే అక్కడ మీవి రెండు మూడు ఇరికించేదాన్ని. మీరు అలగకుండా ఉంటే చాలనుకునేదాన్ని. తర్వాత అదే అలవాటైపోయింది. నా స్టూడెంట్లకు కూడా చెప్పేదాన్ని, పంపేముందు అక్కవి వేశారో లేదో చూసుకోండి అని."

వంతెన దిగారు. పెద్దకోడలు కిటికీ అద్దం కిందికి దించి మళ్లీ పైకెత్తింది. పొద్దుననుంచి పోయింది పోగా మిగిలిందనుకున్నది కూడా ఇప్పుడు పోయింది. రెండువందల తొంభై ఏడుసార్లూ తన మూతిముడుపే తనకు పేరు తెచ్చింది. అది కూడా తన కష్టార్జితమే అనుకుంటే నవ్వొచ్చేది, ఇంకెవరి విషయంలోనైనా అయితే.

"అంటే ఒక్కటి కూడా..." అని ఆగిపోయింది.

"అయ్యో, అలా కాదక్కా. నిజంగా పనికొచ్చినవి ఉన్నాయి. అవి లేకపోతే నేను పట్టిక గీసేదాన్నే కాదు." చిన్నకోడలు మొహమాటానికి అనడం లేదు, ఆలోచించి చెబుతోంది. "నాలుగు ఉంటాయి."

నలభై ఒకటిలో నాలుగు. పెద్దకోడలు సీట్లో నిటారుగా కూర్చుంది. హెడ్డు కుర్చీ, బీరువా, కమిటీ, సున్నా అన్నీ మరిచిపోయింది.

"ఏవవి?" అంది.

"శాంపిలు ఆరు గంటలు దాటితే పాడవుతుందని రాశారు చూడండి, అదొకటి. అది లేకపోతే మా లెక్కలన్నీ తప్పయ్యేవి. రెండోది, పుట్టిన రెండో రోజు సోడియం మీద రాసింది. కవలపిల్లల మీద రాసింది ఒకటి."

"మూడయ్యాయి."

"ఉండండి, గుర్తుతెచ్చుకోనివ్వండి."

వీధి మలుపు తిరిగారు. గేటు ముందు కారు ఆగింది. పెద్దకోడలు దిగలేదు. బెల్టు కూడా తీయలేదు. తన పేపర్లన్నీ ఏడాది వారీగా తలలో తిరగేసుకుంటూ, ఇదేమో, అదేమో అనుకుంటూ తోడికోడలి మొహంలోకే చూస్తోంది. చిన్నకోడలు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఇంజను ఆపేసింది.

"మూడే అక్కా" అంది.